పాత తుపాకుల జీర్ణోద్ధరణము - మూలరూప విచారము

పాత తుపాకినిఁ బూర్వరూపమునకుఁ దెచ్చెదమనువారు మొదట నొక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఆ పూర్వరూప మేది? తుప్పు వదలించి, లోహమునకు మెఱుఁగుపెట్టి, విఱిగిన కొయ్యను మార్చినంత నీ ప్రశ్న తీఱదు. ఏలయన, ఒక్క తుపాకియే కాలక్రమమున రెండు మూఁడు రూపములు దాల్చి యుండవచ్చును. 1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు తుపాకి యిందుకు నిదర్శనము.

దీని గొట్టము పొడవు 39 అంగుళములు. రంధ్రపు వ్యాసము 0.577 అంగుళము. గొట్టము లోపల మూఁడు గాడులు మెలిదిరిగి యుండును. అందుచే గుండు గిరగిరఁ దిరుగుచు వెడలి దూరపు గుఱినిఁ దప్పక తాఁకును. 1857 నాఁటి కలఁతకుఁ గారణములలో నొకటియైన క్రొవ్వు పూసిన తోటాలు ఈ తుపాకికై వచ్చినవే. ఆ కలఁత యణఁగిన పిమ్మట, స్వదేశ సైనికుల చేతికి దూరము గొట్టు తుపాకి నిచ్చుటకు ఆంగ్లప్రభుత్వము వెఱచెను. 1858లో వారికొఱకు గాడులు లేని మాదిరి యేర్పడెను. ఉన్న తుపాకుల గొట్టములనే లోపలఁ దొలిచి గాడులనుఁ జెఱిపివేసిరి. రంధ్రము 0.656 అంగుళము వ్యాసము గలదయ్యెను. దూరమునుబట్టి సవరించుకొను గుఱిపలకను దీసి, కదలని గుఱి నమర్చిరి. గోడ పలుచనై గొట్టము దెబ్బ కోర్వకపోవుటచే 1859లో మందపు గొట్టము గల మాదిరి వెలువడెను. తొలి మాదిరివగు వేఱు తుపాకులకు 1866 నుండి వెనుక వైపునఁ దోటా నింపు స్నైడరు యంత్రమునుఁ దగిలించిరి.

ఇట్టి సిపాయి తుపాకి నేఁడు లభించెనేని, దానికి గాడుల గొట్టమునుఁ దొడిగి 1853 నాఁటి దానినిగాఁ జేయుట యుద్ధరణమగునా? పశ్యతి యన్నచోట స్థానియైన దృశినే మఱల నిలిపి దర్శతి యనినచో మూలశుద్ధి గాదు, అపశబ్దమే యగును. ఇచ్చటను ఆదేశమే ప్రమాణము. దొలిచిన యా గొట్టమే పాలకుల భయమునకు సాక్ష్యము. దానినిఁ దీసివేసిన సాక్ష్యమే నశించును.

మూలరూపము చూపనిదే మార్పు బోధపడదందురేని, మార్పు నొందని ప్రతిని ప్రక్కన నుంచి చూపవచ్చును. అది లేనిచోఁ గొత్తగాఁ జేసిన నమూనా చాలును. అసలు వస్తువునకుఁ జేయవలసినది స్వల్పము. లోహమునుఁ దినుచున్న తుప్పు నాఁపి, నూనె రాచి, చెమ్మ తగులకుండఁ గాపాడవలెను. కురువిందపుఁ బొడితో రుద్దరాదు. మందు పేల్చు యంత్రపు పలకమీఁది కిరీటపు ముద్రయు సంవత్సరపు టంకెలును అరిగిపోవును. విఱిగిన భాగమును మార్చినచో, మార్చిన సంవత్సరము నా భాగముమీఁదనే చెక్కవలెను.

పాఠాంతరములనుఁ జూపక తొలఁగించిన గ్రంథపరిష్కర్తను మన మంగీకరింపము. తుపాకుల విషయమునను ఆ నియమమే పాటింపఁదగినది.