హకీం సాబ్‌ను సనద్ అడగడం బేఅదబీ కాదు

మా బోధన్‌లో షుగర్ అంటే రెండు. ఒకటి ఫ్యాక్టరీది, రెండోది ఒంట్లోది. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువలకెక్కాక చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, దాని పక్కన శక్కర్‌నగర్ వెలిసింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఒంట్లో షుగర్ మాత్రం ఇంటింటా మిగిలింది. దాంతో పాటు ఒక సలహా కూడా: "ఫలానా హకీం దగ్గరికెళ్లండి, జడ్ సే ఖతం చేస్తాడు."

మా ఖాలా ఆ మాట నమ్మింది. ఇన్సులిన్ మానేసి, పేరైనా లేని డబ్బాలో పొడి వాడింది. వారం తిరక్కుండానే ఆస్పత్రిలో చేర్చాం. అల్లాహ్ దయవల్ల బతికింది. "నువ్వేం చదివావని అడగలేదా?" అంటే, "హకీం సాబ్‌ను అలా ఎలా అడుగుతాం బేటా, బేఅదబీ కదా" అంది.

తారీఖ్ మాత్రం వేరే మాట చెబుతోంది. హిజ్రీ 319, అంటే 931లో, బగ్దాద్‌లో ఒక తబీబ్ పొరపాటు వల్ల ఒక మనిషి చనిపోయాడని ఖలీఫా ముక్తదిర్‌కు ఖబర్ అందింది. ఇమ్తెహాన్‌లో నెగ్గనివాళ్లు ఇలాజ్ చేయకూడదని ఆయన హుకుం జారీ చేశాడు. ఆ పని సినాన్ బిన్ సాబిత్‌కు అప్పగించాడు. పేరుమోసినవాళ్లను, దర్బారు తబీబులను మినహాయించినా 860 మందికి పైగా హాజరయ్యారని చరిత్రకారులు రాశారు. అప్పటికి ఇబ్నె సీనా ఇంకా పుట్టనే లేదు.

మన దక్కన్‌లోనూ అదే రివాజు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ పక్కన యునానీ షిఫాఖానా కట్టించారు. నిజామియా తిబ్బీ కాలేజీలో హకీములు తరగతుల్లో చదివి, ఇమ్తెహాన్ రాసి సనద్ అందుకున్నారు. 1970లో దేశమంతటికీ చట్టం వచ్చింది, 2020లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. నేటి డిగ్రీ బి.యు.ఎం.ఎస్., అంటే కామిలె తిబ్బో జరాహత్.

కాబట్టి యునానీ ఇలాజ్ కావాలనుకుంటే ముందు డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తర్వాత మందు డబ్బా తిప్పి చూడండి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, ఎక్స్‌పైరీ తేదీ లేకపోతే వాపసు ఇచ్చేయండి. కుష్తా అంటే లోహాలను, ఖనిజాలను కాల్చి చేసే భస్మం. అది సరిగ్గా తయారు కాకపోతే సీసం, పాదరసం ఒంట్లోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తాయి. హిజామా చేయించుకుంటే కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పాలి. ఇన్సులిన్ వెంటనే ఆపేయమన్నవాడి దగ్గర కూర్చోకండి, లేచి వచ్చేయండి. వాడుతున్న యునానీ మందుల సంగతి మీ షుగర్ డాక్టరుకూ చెప్పండి.

నిజంగా చదివిన హకీంకు ఈ సవాళ్లు కోపం తెప్పించవు. ఆయన కూడా ఇమ్తెహాన్ రాసే ఆ కుర్చీలో కూర్చున్నాడు. కోపం వస్తే, జవాబు దొరికినట్టే.