నీలగిరి తైలం ముచ్చట

మంట దగ్గరికి జరగండర్రా, చలిగాలి కొడుతోంది. నానా, ఆ జామాయిల్ ఎండాకు గుప్పెడు వెయ్యి. చిటపటమంటోంది చూశావా? ఆకులో నూనె ఉంది మరి.

ఈ వాసన వస్తే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. జలుబు చేస్తే ఇత్తడి గిన్నెలో నీళ్లు మరగబెట్టి, దించి, నీలగిరి తైలం రెండు చుక్కలు వేసేది. దుప్పటి కప్పి, కళ్లు గట్టిగా మూసుకోమనేది. నాలుగుసార్లు పీల్చేసరికి బిగుసుకుపోయిన ముక్కు తేలికపడేది.

ఆ తైలం సీసా మా నాన్న నీలగిరి కొండల్లోని ఊటీ నుంచి తెచ్చాడు. పేరులోనే నీలగిరి ఉంది కదా, చెట్టు అక్కడే పుట్టిందనుకునేవాళ్లం. కాదర్రా, అది ఆస్ట్రేలియా చెట్టు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా ఆ ఆకు కాచిన నీళ్లను జ్వరానికీ దగ్గుకీ వాడేవారు, వాటితో పుళ్లు కడిగేవారు. 1788లో తెల్లవాళ్లు అక్కడ దిగాక, వాళ్ల వెంట వచ్చిన వైద్యులు ఆ జాతి చెట్టు ఆకు నుంచే నూనె తీసి ఇంగ్లండుకు పంపారు. 1852లో జోసెఫ్ బోసిస్టో అనే మందుల తయారీదారు విక్టోరియాలో బట్టీ పెట్టి, తైలాన్ని అమ్మకానికి తీశాడు.

ఊటీ కొండల్లో ఆ మొక్కలు 1843లో నాటారు. కొండల మీది అడవి కొట్టేసేసరికి వంటచెరకుకు కరువొచ్చింది, త్వరగా ఎదిగే చెట్టు కావాల్సొచ్చింది. తైలం తీయడం తరవాతి సంగతి. అక్కడ పెద్ద కాగులో ఆకు కుక్కి, నీళ్లు పోసి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి చన్నీళ్ల మధ్యగా పోతూ చల్లబడి, బొట్లుబొట్లుగా డబ్బాలోకి దిగుతుంది. నీళ్లు అడుగునుంటాయి, తైలం పైకి తేలుతుంది. దాన్ని వేరుగా వంచుకుంటారు.

మన చేలల్లో జామాయిల్ ఆ చెట్టుకు చుట్టమే. కానీ మనవాళ్లు కాగితపు గుజ్జు కోసం వేసే రకం ఇది. ఊటీది చలికొండల రకం, మందు తైలానికి పేరుపడ్డది.

ఒక్క మాట మాత్రం మరవకండి. మా అమ్మ ఆ సీసాను ఎప్పుడూ అటక మీదే పెట్టేది. అది వాసన పీల్చే మందు, తాగేది కాదు. కొద్దిగా మింగినా పసివాళ్లకు ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. చంటిపిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద అసలు రాయకూడదు. రేపు మీకూ పిల్లలు పుడతారు. ఆ సీసా వాళ్ల చేతికి అందని చోట పెట్టండి.