నేలమాళిగలో యంత్రం, వంటింట్లో విషం: 1929 నాటి షికాగో అద్దె ఇళ్లు

తెలుగునాట అద్దెకు దిగేవారు ఫ్రిజ్‌ను తమ సామానుతోపాటే తెచ్చుకోవడం రివాజు గనుక, అది పాడైతే మెకానిక్కును పిలిపించవలసింది ఎవరన్న తగవు సాధారణంగా తలెత్తదు. అమెరికాలోని షికాగో నగరంలో మాత్రం 1920లలో కట్టిన అనేక అద్దె భవనాలలో ఫ్రిజ్‌ను ఇంటి యజమానే అమర్చి, దానిని చూపించి వాటాలను అద్దెకిచ్చేవాడు. యంత్రంపై ఏ అధికారమూ లేని అద్దెదారే దాని లోపానికి మొదట బలి కావలసి వచ్చిందన్న సంగతి 1929 నాటి మరణాలతో బయటపడింది.

అంతకుముందు ఆ వంటిళ్లలో ఉండేది మంచుపెట్టె, అనగా లోపల రేకు తాపడం చేసిన కొయ్య అలమర. ఒక అరలో మంచుగడ్డ, మిగిలినవాటిలో పాలు, మాంసం ఉంచేవారు. కరిగిన నీరు అడుగునున్న పళ్లెంలోకి కారేది. 25, 50, 75, 100 అనే అంకెలు నాలుగు అంచులలో ముద్రించిన అట్టను, కావలసిన పౌన్ల అంకె పైకి వచ్చేలా కిటికీలో నిలబెడితే, మంచుబండివాడు వీధిలోంచే దానిని చూసి, అంత ముక్క కోసి భుజాన వేసుకొని మెట్లెక్కేవాడు. ఈ పెట్టెలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. పళ్లెం పొంగితే కింది వాటావారితో మాట పట్టింపు వచ్చేదేమోగాని ప్రాణభయం ఉండేది కాదు.

దాని స్థానంలోకి వచ్చిన ఉమ్మడి శీతల వ్యవస్థ తీరు వేరు. వాయువును అధిక పీడనానికి గురిచేసే కంప్రెసర్‌ను భవనం నేలమాళిగలో ఒక్కచోటే నెలకొల్పి, అక్కడి నుంచి రాగి గొట్టాల ద్వారా శీతలకారిని, అంటే ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని లాక్కొనే పదార్థాన్ని, ప్రతి వాటాలోని అలమరకూ పంపేవారు. వాటాకొక యంత్రం కొనడంకన్నా ఇది యజమానికి లాభసాటి కావచ్చుగాని, ఒక్క కుటుంబానికి చాలినంత కాక భవనమంతటికీ సరిపడే వాయువు ఆ గొట్టాలలో తిరుగుతూండేది. ఎక్కడో ఒక అతుకు వదిలితే అదంతా ఒకే వంటింట్లోకి చేరగలదు.

ఆ వాయువు చాలాచోట్ల మిథైల్ క్లోరైడ్. అప్పట్లో వాడుకలో ఉన్న సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా కూడా విషాలే అయినా, వాటి ఘాటుకు ముక్కూ కళ్లూ మండి మనిషి బయటికి పరుగెత్తుతాడు. మిథైల్ క్లోరైడ్ వాసన మాత్రం లీలగా, కాస్త తీయగా ఉండి నిద్రలో ఉన్నవారిని లేపదు. దానిని పీల్చినవారు మత్తుగా తూలుతూ, తడబడుతూ, వాంతులు చేసుకొనేవారు. తీవ్రమైతే మూర్ఛలు, స్పృహ కోల్పోవడం, మరణం. ఇటువంటి లక్షణాలను తాగుడుకో, తిన్న తిండికో ఆపాదించడం ఎంత సులువో చెప్పనక్కరలేదు.

నగర ఆరోగ్య కమిషనర్ ఆర్నాల్డ్ కెగెల్ మరో ఇద్దరితో కలసి 1929లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రకటించిన వ్యాసం 29 కేసులను, వాటిలో 10 మరణాలను నమోదు చేసింది. కళ్లు మండించే అక్రోలీన్‌ను కొద్దిగా కలిపి, కారుతున్న సంగతి ముందే తెలిసేలా చేయాలన్న సూచన కూడా ఆనాడు వచ్చింది. విషాన్ని తొలగించకుండా దానికి ఘాటు చేర్చడమన్నది ఎంత అరకొర ఉపాయమో, ఆనాటి ఇక్కట్టు కూడా అంత గట్టిదే.

అసలు మార్పు రసాయనశాలలోంచి వచ్చింది. తన ఫ్రిజ్‌ల విభాగమైన ఫ్రిజిడేర్ కోసం జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో రూపొందించిన క్లోరోఫ్లోరోకార్బన్, తరువాత ఫ్రియాన్ పేరుతో ప్రసిద్ధమైనది, విషమూ కాదు, మండదు కూడా. 1930లో జరిగిన ప్రదర్శనలో మిడ్‌గ్లీ దానిని గుండెనిండా పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తిని ఆర్పి ఈ రెండు గుణాలనూ ఒకేసారి రుజువు చేశాడు. ఆ వాయువు ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించగా, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దానికి కళ్లెం వేసింది. ఇప్పుడు మన ఇళ్లలోని అనేక ఫ్రిజ్‌ల వెనుక చీటీపై కనిపించే ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువే. అయితే ఒక్కొక్క ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే గనుక దానిని అనుమతిస్తున్నారు.

వాయువు మారినంత త్వరగా అద్దె చట్టం మారలేదు. ఇంగ్లండు నుంచి సంక్రమించిన పాత న్యాయసూత్రం ప్రకారం, అద్దెకివ్వడమంటే స్థలంపై హక్కును కొంతకాలానికి బదిలీ చేయడమే. మరమ్మతు చేయిస్తానని యజమాని ఒప్పుకొన్నా, అది అద్దె చెల్లింపుతో ముడిపడని వేరే బాధ్యతగా పరిగణించబడేది గనుక, మరమ్మతు జరగలేదని అద్దె ఆపినవాడు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చేది. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచుతానన్న హామీ అద్దె ఒప్పందంలో రాయకున్నా ఇమిడే ఉంటుందని, ఖాళీ చేయించే దావాలో అద్దెదారు దానిని తన వాదనగా చూపవచ్చునని షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది 1972లో. అయితే ఆ యోగ్యతకు కొలబద్ద నగర భవన నియమావళేనని కూడా అదే తీర్పు అన్నది గనుక, ఒప్పందపత్రంలో ఫ్రిజ్ మాట విడిగా రాయించుకోవలసిన అవసరం అద్దెదారుకు తీరలేదు.