గుంత తీసిన చేతులు: కరెంటు హెల్పరు పరీక్ష చరిత్ర గురించి

తెలుగు నేల మీద కరెంటు చరిత్ర రాసినవాళ్లు డ్యాముల పేర్లు రాశారు, మంత్రుల పేర్లు రాశారు, చీఫ్ ఇంజనీర్ల పేర్లు రాశారు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైందని, 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడిందని, 1999 ఫిబ్రవరిలో ఆ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారని ఆ రాతల్లో దొరుకుతుంది. ఊరి పొలిమేర దాకా స్తంభాలు ఎవరు మోశారు, రాతి నేలలో గునపం పట్టి గుంతలు ఎవరు తీశారు అన్నది దొరకదు. చరిత్రలో చోటు దొరకాలంటే మనిషి స్విచ్ నొక్కి ప్రారంభోత్సవం చేయాలి గాని గుంత తీయకూడదన్న మాట!

ఈ వ్యాసంలో మేం అడిగే ప్రశ్న చిన్నది. గుంత తీసినవాడు అదే స్తంభం ఎక్కడానికి ఏ పరీక్ష దాటాల్సి వచ్చింది? ఆ పరీక్షకు అతను ఎట్లా తయారయ్యాడు? కరెంటు పనిలో అందరికన్నా కింది మెట్టు హెల్పరు. నిచ్చెన పట్టుకునేది, తీగ లాగేది, పైనున్న లైన్‌మన్‌కు తాడుకు కట్టి పనిముట్లు అందించేది అతనే. ఆ కింది మెట్టు మీద కాలు పెట్టడానికి కూడా ఒక ట్రేడ్ టెస్టు ఉంటుంది. దాన్ని ఎవరూ చరిత్రగా లెక్కపెట్టరు. మేం లెక్కపెడుతున్నాం.

'కరెంటుకు కులం లేదు' అనే మాట మనం అందరం విన్నదే. ముట్టుకుంటే ఎవరినైనా కొడుతుంది కదా అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మగ్గానికి సాలె, కుండకు కుమ్మరి, చెప్పుకు మాదిగ ఉన్నట్టు కరెంటుకు కులవృత్తి లేదు. అది మొన్నమొన్న వచ్చిన పని. తండ్రి కొడుకుకు గుట్టుగా నేర్పే విద్య కాదు. కాబట్టి ఇది అందరికీ సమానంగా తెరుచుకున్న తలుపు కావాలి. కాని కరెంటుకు కులం లేకపోయినా కరెంటు పనికి కులం వచ్చి చేరింది. గుంత తీసే పనికి మాల, మాదిగ పల్లెల నుంచి మనుషుల్ని పిలిచారు. మీటరు చదివే పనికి, బిల్లు రాసే పనికి చదువుకున్న కులాల పిల్లల్ని తీసుకున్నారు. మధ్యలో ఉన్న నిచ్చెన ఎక్కడానికి పరీక్ష పెట్టారు.

కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన పాత అంటు పోదని బాబాసాహెబ్ అంబేడ్కర్ చాలా ముందే గుర్తించారు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె కాలంలో ఆయన కార్మిక నాయకుల ముందు ఒక ప్రశ్న పెట్టారు. జీతం ఎక్కువ వచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్లను ఎందుకు రానివ్వడం లేదు? నాడె మార్చినప్పుడు దారం కొసను నోటితో పీల్చి లాగాలి, అంటరానివాడి నోరు తగిలిన నాడెను మేం ముట్టుకోం అని సవర్ణ కార్మికులు అనేవారు. మిల్లు ఇంగ్లండు నుంచి వచ్చింది, ఎంగిలి మాత్రం ఇక్కడిదే. ఆ పని చేయడానికి కావలసిన నేర్పు దళితుడి చేతికి రాదని ఎవరూ అనలేదు. నేర్చుకునే చోటికి రానివ్వకపోవడమే అసలు సంగతి.

1942 జులైలో అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబరు సభ్యుడయ్యారు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చారు. చట్టసభల్లో సీట్లు, ఉద్యోగాలు, ఉపకారవేతనాలతో పాటు అందులో మన పరిశోధకులు పెద్దగా పట్టించుకోని ఒక కోరిక ఉంది: మన పిల్లలను ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా తీసుకోవాలని. 1943 ఆగస్టులో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం వాటా ప్రకటించారు. ఆ అక్టోబరు 25న విద్యుచ్ఛక్తి గురించి వేసిన ఉపసంఘం ముందు మాట్లాడుతూ, పరిశ్రమలు రావాలంటే కరెంటు చౌకగా, పుష్కలంగా దొరకాలని ఆయన వాదించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఏర్పడింది కూడా ఆయన చేతిలో ఉన్న శాఖలోనే. అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా మాత్రమే చూసేవాళ్లు ఈ సంగతుల్ని విడివిడిగా చూస్తారు. మేం కలిపి చూస్తున్నాం. దేశానికి కరెంటు కావాలన్న మనిషీ, ఆ కరెంటు పని నేర్చుకునే బల్ల దగ్గర దళితుడికి చోటు కావాలన్న మనిషీ ఒక్కరే.

ఆ చోటు చట్టంలోకి రావడానికి ఇంకా ముప్పై ఏండ్లు పట్టింది. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. శిక్షణలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు చోట్లు కేటాయించాలనే 3ఎ సెక్షన్ మాత్రం 1973 సవరణతోనే వచ్చింది. ఈలోపు 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఒకటి ఉంది. కరెంటు అమరిక పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, యోగ్యతాపత్రం ఉన్న మనిషి పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివాళ్లతో చేయించాలని అది చెప్పింది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చేదాకా నడిచింది ఇదే.

ఈ నియమం ప్రాణాలు కాపాడటానికి పెట్టిందే, మేం కాదనడం లేదు. తెలియనివాడు తీగ ముట్టుకుంటే చస్తాడు, ఇంకొకర్ని చంపుతాడు. కాని పని తెలియడం వేరు, పని తెలుసని కాగితం ఉండటం వేరు. ఐటీఐలో రెండేండ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివినవాడికి కాగితం ఉంటుంది. పదేండ్లు లైను కింద నిలబడి పైన జరిగేదంతా కండ్లతో నేర్చుకున్న కూలికి కాగితం ఉండదు. ట్రేడ్ టెస్టు ఈ ఇద్దరినీ ఒకే బల్ల ముందు నిలబెడుతుంది. అక్కడ ఒకడు చదివింది అప్పజెప్తాడు. ఇంకొకడు చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పలేక తడుముకుంటాడు.

ఆ తయారీ ఎట్లా ఉంటుందో మాకు మా ఇంట్లోనే తెలిసింది. మా పెద్దబాపు ఏడో తరగతితో బడి మానేసిండు. ఒక కాంట్రాక్టరు కింద గుంతలు తీసే కూలిగా చేరిండు. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, వంద గుంతలు తీసినంక చేతికే తెలిసింది. ఎర్తింగు గుంతలో బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర ఎందుకు పోస్తారో అడిగితే 'నీకెందుకురా, పొయ్యమన్నది పొయ్యి' అన్నరట. 1983లో హెల్పరు పరీక్ష ఉందని తెలిసినప్పుడు ఆయనకు పని వచ్చు, పనికి పేర్లే రావు.

ఐటీఐ చదివిన దోస్తు దగ్గర ఒక నోట్‌బుక్ తెచ్చుకుని తెలుగు అక్షరాల్లో ఎక్కించుకున్నడు. ఆ నోటు ఇప్పుడు మా దగ్గర ఉంది. మొదటి పేజీలో రంగులు: ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. తర్వాత అతుకుల బొమ్మలు: మ్యారీడ్ జాయింట్, బ్రిటానియా జాయింట్, వెస్టర్న్ యూనియన్ జాయింట్. తర్వాత సిరీస్, ప్యారలల్. అప్పటికి మా వాడకు కరెంటు రాలేదు. స్విచ్ లేని ఇంట్లో కూర్చుని స్విచ్ ఫేజు తీగ మీదనే ఎందుకు ఉండాలో కందిలి వెలుగులో చదివిండు. రెండు టార్చిలైటు బల్బులు, రెండు సెల్లులు పెట్టి సిరీస్‌లో వెలుగు ఎట్లా తగ్గుతదో, ప్యారలల్‌లో ఎట్లా నిలబడతదో చూసుకున్నడు. పేద ఇండ్లకు ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే కుటీర జ్యోతి పథకం 1988-89లో గాని రాలేదని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

స్తంభం ఎక్కడం నేర్చుకోవడానికి గౌండ్లాయన దగ్గర పాత మోకు అడిగి తెచ్చుకున్నడు. తాటిచెట్టుకు, సిమెంటు స్తంభానికి తేడా ఉంది, కాని ఒంటి బరువు కాళ్ల మీద వేసి చేతులు వదలడం రెండింటికీ ఒకటే. ఆ రోజుల్లో నడుముకు కట్టే బెల్టు తోలుది. ఎవరో పారేసిన బెల్టు తెచ్చి ఇస్తే మా తాత దానికి కొత్త కుట్లు వేసిండు. మన చేతి తోలును అంటు అన్నారు, తోలు పనిని తక్కువ పని అన్నారు. ఇరవై అడుగుల ఎత్తులో మనిషి ప్రాణం ఆగేది ఆ తోలు మీద, ఆ కుట్టు మీద. ఈ విద్యకు ఏ పరీక్షలోనూ మార్కులు లేవు.

ఇంకో పాఠ్యపుస్తకం సబ్‌స్టేషన్ గోడ మీద దొరికింది. 1956 నియమాల్లో 44వది, కరెంటు కొట్టిన మనిషికి చేయాల్సిన ప్రథమ చికిత్స గురించిన పటాన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో, దానితో పాటు స్థానిక భాషలో కూడా గోడకు తగిలించాలని చెప్పింది. తెలుగులో ఉంది కాబట్టి ఏడో తరగతి చదివిన మనిషి దాన్ని చదవగలిగిండు. ముందు మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే ఎండు కట్టెతో మనిషిని తీగ నుంచి తప్పించాలి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద రెండు చేతులు పెట్టి నొక్కుతూ ఊపిరి ఆడించాలి. నోటి ద్వారా ఊపిరి ఊదే పద్ధతులు వాడుకలోకి రాకముందు నేర్పింది ఇదే. ఒక ఏలిక భాష మాత్రమే చాలని నియమం రాసి ఉంటే ఈ చదువు కూడా మనకు అందేది కాదు.

పరీక్ష రోజున అతుకులు బాగానే వేసిండు. స్తంభం ఎక్కి దిగిండు. నోటి పరీక్షలో ఆ ప్రథమ చికిత్స చేసి చూపించమన్నరు. ఎవరన్నా ఒకరు పడుకోండి అని సాటి అభ్యర్థుల్ని అడిగితే ఒక్కడు ముందుకు రాలే. ఎవరి మీద ఎవరి చేతులు పడాలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనలేదు. చివరికి ఆఫీసు ఊడ్చే ఆమె కొడుకు వచ్చి నేల మీద పడుకున్నడు. ఆ ఏడు ఆయన ఎంపిక కాలేదు. కారణం ఇది కాదు, ఇంకొకటి చెప్పారు. కాంట్రాక్టరు మస్టరులో ఆయన పేరును ఒక నెల ఒక తీరుగా, ఇంకో నెల ఇంకో తీరుగా రాయించిండు. ఆ పేర్లన్నీ ఒక్క మనిషివేనని రుజువు కావాలన్నారు. ఆ రుజువు కోసం రెండేండ్లు తిరిగిండు. 1985లో రెండోసారి పరీక్షకు కూర్చుని హెల్పరు అయిండు.

ఒక్క ఇంటి సంగతిని చరిత్ర అంటారా అని అడగవచ్చు. మేం దీన్ని సానుభూతి కోసం చెప్పలేదు. ఇందులో మూడు విషయాలు తేటగా కనిపిస్తున్నాయి. ఒకటి, హెల్పరు పరీక్షకు తయారు కావడం అంటే కొత్తగా పని నేర్చుకోవడం కాదు, ఒంటికి తెలిసిన పనిని దొర భాషలోకి మార్చుకోవడం. రెండు, ఆ తయారీలో మాదిగ తాత కుట్టు, గౌండ్లాయన మోకు, ఐటీఐ దోస్తు నోటు కలిశాయి. శ్రమ కులాల జ్ఞానం ఒకదానికొకటి ఆసరా అయినప్పుడే ఒక మనిషి ఆ మెట్టు ఎక్కాడు. మూడు, అడ్డం పడ్డది తెలివి దగ్గర కాదు. ఒకసారి ముట్టుకునే దగ్గర, ఒకసారి కాగితం దగ్గర. అంటు మాట పైకి చెప్పలేరు, కాబట్టి కాగితం మాట చెప్తారు.

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో కులం పనిని మాత్రమే పంచదని, పనిచేసే మనుషుల్ని ఒకరికొకరు అందకుండా విడదీస్తుందని వాదించారు. స్తంభం దగ్గర ఆ మాట కండ్లకు కడుతుంది. పైన పనిచేసేవాడి ప్రాణం, కింద ఉన్నవాడు లైన్ క్లియర్ సంగతి సరిగ్గా విన్నాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంతగా ఒకరి మీద ఒకరు ఆధారపడే పనిలో కూడా గ్లాసులు వేరుగా పెట్టుకున్న మనుషులు ఉన్నారు.

తర్వాతి కాలంలో నిచ్చెన ఇంకో తీరుగా మారింది. ఉద్యోగాల జాగాలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వచ్చాయి. పని అదే, తీగ అదే, కాగితమే లేదు. 2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఔట్‌సోర్సింగ్ కార్మికుల్ని 'ఆర్టిజన్లు' అనే పేరుతో తీసుకున్నాయి. జూనియర్ లైన్‌మన్ ఎంపికలో స్తంభం ఎక్కే పరీక్ష మాత్రం నిలిచింది. 2019 ప్రకటనలో ఆడవాళ్లకు చోటే లేకపోతే కొందరు కోర్టుకు పోయారు. 2020 డిసెంబరులో హైకోర్టు ఆదేశంతో స్తంభం ఎక్కి చూపించారు. 2021లో బబ్బూరి శిరీష తెలంగాణలో తొలి లైన్‌ఉమన్‌గా ఉద్యోగంలో చేరింది. ఆడవాళ్లు ఎక్కలేరని అన్నవాళ్లు ఎవరూ అంతకుముందు వాళ్లను ఎక్కనిచ్చి చూడలేదు. మిల్లులో నేత ఖాతాకు చెప్పిన సాకు, ఇక్కడ స్తంభానికి చెప్పిన సాకు వేరు కావచ్చు, పద్ధతి ఒకటే. ముందు నేర్చుకోనివ్వరు, తర్వాత రాదంటారు.

2015 నుంచి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ముందే నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి నడిచింది. పనిలో నేర్చింది కూడా విద్యేనని సర్కారు ఒప్పుకోవడం మంచిదే. కాని సర్టిఫికెట్ ఉద్యోగం కాదు. పరిశోధకులుగా మన ముందున్న పని ఏమిటంటే హెల్పర్ల నోటు పుస్తకాలు, మస్టరు నకళ్లు, పరీక్ష పిలుపు కాగితాలు పాత ఇనుప పెట్టెల్లో చెదలు పట్టకముందే సేకరించడం. రిటైరైన హెల్పర్లు ఇంకా బతికే ఉన్నారు. ఏ ఊరికి ఏ సంవత్సరం కరెంటు వచ్చిందో, ఊరికి వచ్చినంక వాడకు రావడానికి ఎన్నేండ్లు పట్టిందో వాళ్లకు నోటి మీద ఉంది. ఆ లెక్క ఏ బోర్డు నివేదికలోనూ లేదు. దాన్ని మనమే రాసుకోవాలి.