ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతం: జనావాస చరిత్ర

కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు దక్షిణంగా ఉన్న మెట్ట సీమ ఇది. నేల చాలావరకు నల్లరేగడి. పల్లెల్లో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఆదోని పట్నంలో వాటికి ఉర్దూ తోడవుతుంది. ఈ సీమకు జనాన్ని రప్పించినవి కోట, పత్తి, మగ్గం, కాలువ. ఇక్కడినుంచి పంపించింది ఎప్పుడూ కరువే. వచ్చినవాళ్లతో పాటు వెళ్లినవాళ్ల సంగతీ చెబితేనే ఇక్కడి చరిత్ర పూర్తవుతుంది.

మనుషుల ఉనికి చాలా పాతది. తూర్పున పత్తికొండ వైపు ఎర్రగుడి, రాజుల మందగిరి బండలమీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. ఆదోని దగ్గరి పెద్దతుంబళం ఒకనాటి జైన స్థావరం.

పట్నంగా ఆదోని ఎదిగింది మాత్రం కొండల వల్లే. బారాకిల్లా, తాళిబండ మొదలైన ఐదు రాతికొండలను చుట్టి కట్టిన కోట బహమనీలతో పోరులో విజయనగరానికి ముఖ్యమైన ఆధారం. 1565లో విజయనగరం ఓడిపోయిన యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లకే అది బిజాపూరు చేతికి పోయింది. బిజాపూరు ఏలుబడి చివరి దశలో ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాలున్న సర్దారు. పట్నంలోని షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. ఆయన ఏలుబడిలోని మంచాల గ్రామమే నేటి మంత్రాలయం. ఆ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆయనేనని మఠ సంప్రదాయం చెబుతుంది. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

1688లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకుని ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చాయి గానీ, జనం నోట ఆదోని పేరే నిలిచింది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు ఇది జాగీరు. 1786లో టిప్పు సుల్తాను నెలరోజులు ముట్టడించి కోటను గెలిచి, గోడలు పడగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించాడు. దాంతో సైనికపట్నంగా ఆదోని పని అయిపోయింది. 1800లో దత్తమండలాలతో పాటు కుంఫిణీ పాలన కిందికి వచ్చింది.

కోట పోయాక ఊరిని నిలబెట్టింది పత్తి. 1865లో ఆదోని పురపాలక సంఘమైంది. 1871లో మద్రాసు, బొంబాయి రైలుదారులు రాయచూరు దగ్గర కలవడంతో, దారిలోని ఆదోని పత్తికి రెండు రేవులూ అందుబాటులోకి వచ్చాయి. జిన్నింగ్ మిల్లులు లేచాయి, మార్వాడీ వర్తకులు స్థిరపడ్డారు. రెండో బొంబాయి అని ఊరికి పేరొచ్చింది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రైలు వెంట కొత్త పట్నాలు పుట్టుకొచ్చాయి. ఇక్కడ రైలు వచ్చేసరికే శతాబ్దాల పట్నం ఉంది, దాని బతుకుతెరువే మారింది. అయితే 1876–78 ధాత కరువును ఆ రైలు ఆపలేకపోయింది. ఆదోని ఉన్న నాటి బళ్లారి జిల్లా ఆ కరువుకు ఘోరంగా దెబ్బతింది.

ఎమ్మిగనూరు కథ వేరు. అది నేతగాళ్ల ఊరు. గుంటమగ్గంలో కాళ్లు దించి ఒకరు నేస్తుంటే, ఆడవాళ్లు కండెలు చుట్టాలి, పడుగు సాగదీయడానికి పదిమంది చేయి వేయాలి. ఇంత పనికీ నూలు అప్పు పెట్టే షావుకారు చెప్పిందే ధర. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని స్థాపించారు. సంఘం నూలు ఇచ్చి, నేసిన బట్ట కొనేది. దుప్పట్లు, తెరబట్టలు దూరదేశాలకూ వెళ్లాయి. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఈ సీమలో మనిషిని ఊళ్లో నిలిపిన ప్రయత్నాల్లో నా లెక్కన ఇదే గొప్పది. మరమగ్గాల పోటీతో తర్వాత ఆ వైభవం తగ్గింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. భాషా సరిహద్దు గీసినా, పెళ్లి సంబంధాలు, సంతలు గీతకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. అదే ఏడాది తుంగభద్ర డ్యామ్ నీళ్లు వదిలారు. ఆ ఆయకట్టులో గంగావతి, సింధనూరు, సిరుగుప్ప వైపు కోస్తా రైతులు పొలాలు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఆ డ్యామ్ దిగువకాలువ బళ్లారి జిల్లా దాటి ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు చేరేసరికి నీళ్లు పలచబడతాయి. ఏటి ఒడ్డున ఉండి కూడా మెట్టగా మిగిలిన పల్లెలు ఎన్నో.

2011 జనాభా లెక్కల్లో ఆదోనిలో సుమారు 1.66 లక్షలు, ఎమ్మిగనూరులో 95 వేల మంది ఉన్నారు. ఆ అంకెలు చెప్పని కదలిక సుగ్గి, అంటే పనికోసం పోయే వలస. ఖరీఫ్ పంట చేతికి రాని ఏడాది కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో కుటుంబాలు తలుపుకు తాళం వేసి, బియ్యం, గిన్నెలు, దుప్పట్లు లారీల్లో వేసుకుని గుంటూరు వైపు మిరపకోతకు పోతాయి. ముసలివాళ్లు ఇంటి దగ్గర ఉండిపోతారు. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లలకు ఆ ఏటి చదువు సగంలో ఆగుతుంది. వాళ్లను ఊళ్లోనే ఉంచి చదివించడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపింది.