కెమెరా పాతబడినా స్టాండు మిగిలింది

వృత్తిపరమైన వీడియో కెమెరా నాలుగైదేళ్లకే పాతబడుతుంది. దాన్ని మోసిన ట్రైపాడ్, దానికి తగిలించిన మైకు, కేబుళ్లు మాత్రం తర్వాత వచ్చే రెండు మూడు కెమెరాలకూ పనికొస్తాయి. అందుకే బడ్జెట్ అంతా కెమెరా మీదే పెట్టి, సామాను దగ్గర పిసినారితనం చూపడం తిరగేసిన లెక్క.

సామాను విలువ ఇక్కడి టీవీ చరిత్రలోనూ కనిపిస్తుంది. హైదరాబాద్‌కు టీవీ 1970లలో వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ అనే టీవీ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. ఆ కాలపు యూమాటిక్ టేపు పద్ధతిలో కెమెరా ఒకరి భుజాన, రికార్డర్ ఇంకొకరి భుజాన ఉండేవి. రెంటినీ ఒక లావుపాటి కేబుల్ కలిపేది, అది తెగితే ఇద్దరి పనీ ఆగేది. సోనీ 1982లో తెచ్చిన బీటాక్యామ్ ఆ రెండింటినీ ఒక్కటి చేసింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక కెమెరాలు స్టూడియోల్లో కంటే రోడ్ల మీదే ఎక్కువ తిరిగాయి.

రోడ్డు మీద సామానుకు అసలు పరీక్ష ఖైరతాబాద్ వినాయకుడి దగ్గరే. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఈ ఉత్సవంలో 2024 నాటి గణపతి ఎత్తు 70 అడుగులు. పాదాల నుంచి కిరీటం దాకా ఒకే షాట్‌లో కెమెరాను పైకెత్తాలంటే ఫ్లూయిడ్ హెడ్ ఉన్న స్టాండు కావాలి. హెడ్ మోయగల గరిష్ఠ బరువు చూసి సరిపెట్టుకుంటే చాలదు. లెన్సు, బ్యాటరీ, మైకు బిగించాక కెమెరా ఎంత తూగుతుందో చూసి, ఆ బరువుకు కౌంటర్‌బ్యాలెన్స్ కుదిరేదే తీసుకోవాలి. హెడ్ స్ప్రింగు బలం ఎక్కువైతే వంచిన కెమెరా తనంతట తానే వెనక్కి లేస్తుంది, తక్కువైతే ముందుకు వాలిపోతుంది. కొనేముందు దుకాణంలోనే కెమెరా ఎక్కించి, సగం వంచి చేతులు వదిలేయాలి. ఉన్నచోటే నిలిస్తే అదే సరైన హెడ్. స్టాండు గిన్నె 75 మిల్లీమీటర్లదా, 100దా అన్నదీ అప్పుడే చూసుకోవాలి, హెడ్ కూర్చునేది అందులోనే.

వినాయకుడి ఊరేగింపులో డప్పులు, స్పీకర్ల మధ్య గన్ మైకును నమ్ముకుంటే మాట వినబడదు. ఎదురుగా ఉన్నవాళ్ల గొంతుతో పాటు వాళ్ల వెనక మోతనూ అది పట్టేస్తుంది. రిపోర్టరు నోటి దగ్గర పెట్టుకునే డైనమిక్ మైకే అక్కడ దిక్కు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవరూ అక్కర్లేదు. ప్రశాంతమైన చోట ఇంటర్వ్యూకు కాలర్ మైకు చాలు.

బ్యాటరీని వోల్టుల్లో కాదు, వాట్-అవర్లలో లెక్కించాలి. 98 వాట్-అవర్ల వీ-మౌంట్ బ్యాటరీ 30 వాట్ల కెమెరాను దాదాపు మూడు గంటలు నడిపిస్తుంది, మానిటర్, లైటు కలిపితే అందులో కోత పడుతుంది. వంద దాటిన బ్యాటరీలకు విమానంలో ఎయిర్‌లైన్ అనుమతి కావాలి కాబట్టి, ప్రయాణాలు చేసేవాళ్లకు ఒక్క పెద్దదాని కంటే చిన్నవి మూడు నయం.

వినాయక చవితి వానల కాలంలో వస్తుంది. రెయిన్ కవరు, లెన్సుకు ముందు తగిలించే ఫిల్టరు లేకుండా ఖైరతాబాద్ వైపు కెమెరా తీసుకెళ్లడం దుస్సాహసమే. ఏసీ గది నుంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయటి వేడికి అలవాటయ్యేదాకా కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచాలి.