చిలీలో రోము రాయబారం

1823 అక్టోబరులో ఇటలీలోని జెనోవా రేవు నుంచి ‘ఎలోయిసా’ అనే ఓడ దక్షిణ అమెరికాకు బయల్దేరింది. అందులో పోపు ప్రతినిధి జొవాన్ని ముజీ, ఆయన కార్యదర్శి జుసెప్పె సల్లుస్తి, సహాయకుడిగా 31 ఏళ్ళ యువ గురువు జొవాన్ని మరియా మస్తాయ్ ఫెర్రెత్తి ఉన్నారు. తుపాను తాకిడికి ఓడ మయోర్కా దీవికి చేరితే, అక్కడి స్పెయిన్ అధికారులు వీళ్ళను నిర్బంధించారు. తమ రాజు మీద తిరగబడిన దేశానికి రోము మనుషులు వెళ్ళడం వాళ్ళకు సహించలేదు. చివరికి బయటపడి, అట్లాంటిక్ దాటి, పంపా మైదానాలూ ఆండీస్ కనుమలూ గడిచి 1824 మార్చిలో చిలీ రాజధాని శాంటియాగో చేరారు. ఆ యువ గురువే 1846లో తొమ్మిదవ పయస్ పేరుతో పోపు అయ్యాడు. పోపు పీఠం ఎక్కినవాళ్ళలో అంతకుముందే అమెరికా ఖండాల నేల తొక్కిన మొదటివాడు ఆయనే.

ఆ రాయబారాన్ని అడిగి తెప్పించుకున్నది చిలీయే. స్వాతంత్ర్య నాయకుడు బెర్నార్డో ఓహిగ్గిన్స్ 1821లో ఫాదర్ హోసే ఇగ్నాసియో సియెన్‌ఫ్యూగోస్‌ను రోముకు పంపాడు. కొత్త దేశానికి పోపు గుర్తింపు కావాలి, బిషప్పులు కావాలి. కానీ ఆ కోరిక వెనక ఒక పాత చిక్కుంది. 1508లో స్పెయిన్ రాజుకు అతని అమెరికా రాజ్యాల్లో బిషప్పుల పేర్లు ప్రతిపాదించే హక్కును రెండవ జూలియస్ పోపు ఇచ్చాడు. దాన్ని ‘పత్రొనాతో’ అంటారు. మన మైలాపూరు మేత్రాసనంలో పోర్చుగీసు రాజు చలాయించిన ‘పద్రువాదో’ ఇలాంటిదే. ఇప్పుడు రాజు పోయాడు. మరి ఆ హక్కు ఎవరిది? రాజ్యంతో పాటు హక్కూ మాకే వచ్చిందని చిలీ వాదన. అది ఆ రాజుకు వ్యక్తిగతంగా ఇచ్చిన వరమనీ, వారసత్వంగా రాదనీ రోము వాదన. తర్వాతి నూరేళ్ళ దౌత్యమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముజీ చేరేసరికి ఓహిగ్గిన్స్ పదవిలో లేడు. రామోన్ ఫ్రెయిరే ప్రభుత్వం మఠాల ఆస్తుల మీద చెయ్యి వేసింది. రాజు పక్షం వహించిన శాంటియాగో బిషప్ రొద్రీగెజ్ సొర్రీయాను పాలన నుంచి తప్పించింది. తాము చెప్పినవాళ్ళనే బిషప్పులుగా అభిషేకించాలని పట్టుబట్టింది. ముజీ ఒప్పుకోలేదు. ఏడు నెలలకే, అక్టోబరులో, వల్పరాయిసో రేవులో ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. దానికి ముందు నెలలోనే పన్నెండవ లియో పోపు అమెరికా బిషప్పులకు స్పెయిన్ రాజును సమర్థిస్తూ లేఖ రాశాడు. ఒక చేత్తో రాయబారిని పంపి, మరో చేత్తో ఆ దేశపు స్వాతంత్ర్యాన్నే కాదనడం రోము చేసిన పెద్ద తప్పు అని నా అభిప్రాయం. ముజీ ఎంత నేర్పరి అయినా అలాంటి వైఖరిని మోసుకుంటూ గెలవలేడు.

రోము దారి మార్చుకోవడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. ఏ ప్రభుత్వం వాస్తవంగా పాలిస్తున్నదో దానితోనే వ్యవహరిస్తామనీ, అంతమాత్రాన దాని హక్కులను ఒప్పుకున్నట్టు కాదనీ పదహారవ గ్రెగరీ పోపు 1831లో ప్రకటించాడు. 1840లో చిలీని గుర్తించి, శాంటియాగోను అగ్రపీఠం చేశాడు. లా సెరెనా, అంకూద్ మేత్రాసనాలు అప్పుడే పుట్టాయి. చిలీ మాత్రం 1833 రాజ్యాంగంలోనే పత్రొనాతోను రాసిపెట్టుకుంది. ఆ మాటను రోము ఒప్పుకోలేదు. అయినా ప్రభుత్వం పేరు పంపేది, పోపు ఆ పేరునే తన సొంత నిర్ణయంగా నియమించేవాడు. పైకి రెండు పక్షాల పంతమూ నిలబడేది. ఈ సర్దుబాటులో తొమ్మిదవ పయస్‌కు ఉన్న అనుభవం కూడా కలిసొచ్చింది. 1858లో రోములో లాటిన్ అమెరికా గురువుల కోసం ఆయన తెరిచిన కళాశాల ఆలోచన చిలీ గురువు హోసే ఇగ్నాసియో ఎయ్సాగిర్రెదే.

1878లో ఆర్చిబిషప్ రఫాయెల్ వాలెంతీన్ వాల్దివియెసో మరణంతో ఆ సర్దుబాటు తెగింది. ప్రభుత్వం ఫ్రాన్సిస్కో దె పౌలా తఫోరో పేరు పంపింది. ఆయన మంచి వక్త, ఉదారవాదులకు ఇష్టుడు. వివాహేతర జననం ఆయనకు అడ్డంకి అయింది. పదమూడవ లియో పోపు ఒప్పుకోలేదు. సంగతి తేల్చడానికి 1882లో చెలెస్తీనో దెల్ ఫ్రాతే అనే ప్రతినిధి వచ్చాడు. తఫోరోను రోము అంగీకరించదని ఖాయమయ్యాక, అధ్యక్షుడు డొమింగో శాంతా మరియా 1883 జనవరిలో ఆ ప్రతినిధిని దేశం నుంచి వెళ్ళగొట్టాడు. కోపం అక్కడితో ఆగలేదు. ప్రభుత్వ శ్మశానాలు అన్ని మతాలవారికీ తెరవాలని చట్టం వచ్చింది. పెళ్ళి, జనన మరణాల నమోదు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. చర్చి ఆ శ్మశానాల నుంచి తన ఆశీర్వాదం ఉపసంహరించుకుంది. చాలా కుటుంబాలు తమవాళ్ళ శవాలను గుట్టుగా పవిత్ర స్థలాలకు చేర్చి పాతిపెట్టాయి. ఒక పదవి కోసం పెద్దలు పట్టిన పంతం, ఆప్తులను పోగొట్టుకుని ఏడుస్తున్న ఇళ్ళ మీద పడింది. ఈ కథంతటిలో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం ఇదే. పీఠం ఎనిమిదేళ్ళకు పైగా ఖాళీగా ఉండి, 1886 చివర్లో అధ్యక్షుడు బల్మసేదా హయాంలో ఇద్దరికీ సమ్మతమైన మరియానో కసనోవా నియామకంతో నిండింది.

చిక్కుముడి విడింది మాత్రం 1925లో. పదవి వదిలి విదేశాల్లో ఉన్న అధ్యక్షుడు ఆర్తురో అలెస్సాండ్రి ఆ ఏడాది మొదట్లో రోములో కార్డినల్ పియెత్రో గస్పార్రితో కూర్చుని మాట్లాడాడు. గస్పార్రి పెరూ, బొలీవియా, ఈక్వెడార్‌లలో పోపు ప్రతినిధిగా పనిచేసినవాడు, ఆ ప్రాంతపు మనస్తత్వం ఎరిగినవాడు. కుదిరిన ఒప్పందం సరళమైనది: రాజ్యం, చర్చి విడిపోతాయి, చర్చి ఆస్తులు చర్చికే ఉంటాయి, అయిదేళ్ళపాటు ఏటా 25 లక్షల పెసోలు ప్రభుత్వం ఇస్తుంది, బిషప్పులను పోపు స్వేచ్ఛగా నియమించుకుంటాడు. శాంటియాగోలో దీన్ని శాంతంగా సాగనిచ్చిన వృద్ధ ఆర్చిబిషప్ క్రెసెంతె ఎర్రాసురిస్ ఆ వాల్దివియెసోకు మేనల్లుడు. మేనమామ ప్రభుత్వంతో పోరాడి కాపాడుకున్న అధికార మతం హోదాను మేనల్లుడు రక్తం చిందకుండా వదిలేశాడు. అందుకు బదులుగా చర్చికి నాలుగు శతాబ్దాలుగా లేని స్వేచ్ఛ దక్కింది.

ఆ స్వేచ్ఛ వల్లనే అర్ధ శతాబ్దం తర్వాత రోము మధ్యవర్తిగా నిలబడగలిగిందని నేననుకుంటాను. దక్షిణ కొసన బీగిల్ జలసంధిలోని పిక్టన్, నువేవా, లెన్నాక్స్ దీవులు చిలీవని 1977లో అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పు వచ్చింది. 1978 జనవరిలో అర్జెంటీనా సైనిక ప్రభుత్వం ఆ తీర్పు చెల్లదంది. డిసెంబరు 22 నాటికి దాని నౌకాదళం కదిలింది. రెండూ క్యాథలిక్ దేశాలు, రెండింటా సైనిక పాలన. పోపుగా రెండు నెలలే అయిన రెండవ జాన్ పాల్ తన దూతను పంపుతానన్నాడు. క్రిస్మస్ మర్నాడే కార్డినల్ అంతోనియో సమొరె బ్యూనస్ ఎయిరిస్‌లో దిగాడు. 73 ఏళ్ళ మనిషి, రెండు రాజధానుల మధ్య విమానాల్లో తిరిగి తిరిగి, 1979 జనవరి 8న మోంతెవిదెయోలో ఇద్దరిచేతా సంతకం పెట్టించాడు. బలప్రయోగం చెయ్యం, వివాదాన్ని పోపుకు అప్పగిస్తాం అన్నది దాని సారం.

అసలు బేరం ఆరేళ్ళు సాగింది. 1980 డిసెంబరులో పోపు ఇచ్చిన ప్రతిపాదనకు చిలీ సరేనంది, అర్జెంటీనా నాన్చింది. సమొరె ఫలితం చూడకుండానే 1983 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఫాక్లాండ్ యుద్ధంలో ఓడిన సైనిక పాలకులు తప్పుకుని, అల్ఫోన్సిన్ అధ్యక్షుడయ్యాక దారి తెరుచుకుంది. ప్రజాభిప్రాయ సేకరణలో 80 శాతానికి పైగా అర్జెంటీనీయులు ఒప్పందానికి ఓటేశారు. 1984 నవంబరు 29న వాటికన్‌లో సంతకాలయ్యాయి. దీవులు చిలీవి, అట్లాంటిక్ వైపు సముద్రంలో ఎక్కువ భాగం అర్జెంటీనాది.

అదే కాలంలో శాంటియాగోలో పోపు రాయబారి ఆంజెలో సొదానో. పినోచె నియంతృత్వంలో మాయమైనవాళ్ళ కుటుంబాలకు అండగా కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రీకెస్ 1976లో ‘వికారియా దె లా సొలిదారిదాద్’ను నెలకొల్పితే, సొదానో ప్రభుత్వంతో మర్యాదలు చెడకుండా మసలుకున్నాడు. మధ్యవర్తిత్వానికి ఆ మర్యాద అవసరమైంది నిజమే. కానీ 1987 ఏప్రిల్‌లో అధ్యక్ష భవనం లా మొనేదా బాల్కనీలో పినోచె పక్కన పోపు నిలబడిన దృశ్యాన్ని బాధితులు మరచిపోలేదు. సరిహద్దు యుద్ధాన్ని ఆపిన దౌత్యం, దేశం లోపలి హింస ముందు గొంతు తగ్గించుకుంది.

బిషప్పుల నియామకం మీద గొడవ మళ్ళీ లేచింది. 2015లో చిలీలోని ఒసోర్నో మేత్రాసనానికి హువాన్ బార్రోస్‌ను ఫ్రాన్సిస్ పోపు నియమించాడు. పిల్లలపై లైంగిక అత్యాచారాలు చేసిన ఒక గురువును బార్రోస్ కాపాడాడని బాధితుల ఆరోపణ, దాన్ని ఆయన ఖండించాడు. ఆయన పీఠం స్వీకరించిన రోజున విశ్వాసులే నల్ల దుస్తుల్లో గుడిలో నిరసన తెలిపారు. 2018 జనవరిలో చిలీ వచ్చిన పోపు మొదట బిషప్ పక్షమే మాట్లాడాడు. తర్వాత తన విచారణాధికారులు చార్ల్స్ షిక్లూనా, జోర్ది బెర్తొమేవు తెచ్చిన సుమారు 2,300 పేజీల నివేదిక చూసి తాను పొరబడ్డానని ఒప్పుకున్నాడు. మే నెలలో రోముకు వెళ్ళిన 34 మంది చిలీ బిషప్పులు రాజీనామాలు అందించారు. జూన్‌లో బార్రోస్ రాజీనామా ఆమోదం పొందింది. ఒకప్పుడు బిషప్ పీఠం ఎవరిదని అధ్యక్షులు అడిగేవారు. ఈసారి ఆ ప్రశ్న అడిగింది చర్చిలో కూర్చునే మామూలు జనం.

ఒసోర్నో నుంచి తూర్పుకు వెళ్ళే రోడ్డు ఆండీస్ కనుమ దాటి అర్జెంటీనాలోకి దిగుతుంది. ఆ కనుమకు కార్డినల్ సమొరె పేరు పెట్టారు.